వెనకగదిలో బల్ల

కంటి ఆపరేషన్ అయ్యి కొడుకింట్లో ఉంటున్న అత్తగారికి ఆ రోజు నుంచి నల్లద్దాలు అక్కర్లేదన్నారు. లోకం కొత్తగా కనిపిస్తోందంటూ ఆవిడ పొద్దున్నే ఇల్లంతా కలియతిరుగుతోంది. కోడలు పొయ్యి మీద పాలు పెట్టి నవ్వుకుంటోంది.

"అమ్మాయ్, ఒకసారి ఇలా రా."

పిలుపు వెనకగదిలోంచి వచ్చింది. కోడలు పొయ్యి కట్టేసి పరుగెత్తింది.

అది భర్త పనిగది. అతను వడ్రంగి. ఆమె తోలు సంచులు కుడుతుంది. గోడవారగా దుప్పటి కప్పిన బల్లని ఇద్దరూ కలిసి ఆర్నెల్లు కష్టపడి చేసుకున్నారు. మోకాళ్లకి రెండు మెత్తలు, ఛాతీ వాల్చడానికి మరొకటి, బల్ల నాలుగు కాళ్లకీ తోలు పటకాలు. భర్త చేతుల్లో కదలకుండా బందీ అయిపోవడం ఆమెకి ఇష్టం. ఆ మాట అతనికి చెప్పడానికే నాలుగేళ్లు పట్టింది.

దుప్పటి నేల మీద పడి ఉంది. అత్తగారు ఒక పటకా చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"నీ చేతులు చూపించు. వాడు నిన్ను దీనికి కట్టేసి కొడుతున్నాడా?"

కోడలు వంగి గబుక్కున దుప్పటి అందుకోబోయింది. ఆ కంగారే జవాబనుకుని ఆవిడ కూతురికి ఫోన్ చేసింది, కొడుకుని పనిలోంచి రమ్మంది.

గంట తిరక్కుండా ముందుగదిలో పంచాయితీ మొదలైంది. ఆడపడుచు తమ్ముడి మీద విరుచుకుపడింది. "మనిషివేనా నువ్వు? ఎవడు చెయ్యమన్నాడ్రా ఆ బల్ల?"

"నేనే చేశానక్కా," అన్నాడతను తలొంచుకుని. భార్య వైపు ఒక్కసారి చూశాడు. నువ్వు చెప్పొద్దు అన్నట్టుంది ఆ చూపు.

ఆడపడుచు ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. "బట్టలు సర్దుకో. మా ఇంటికి పోదాం. నీకు మేమున్నాం."

ఆ చెయ్యి ఎంత ప్రేమగా ఉందో అంత బరువుగానూ ఉంది. నోరు విప్పితే తన పరువు పోతుంది. విప్పకపోతే అతను జీవితాంతం ఈ ఇంట్లో రాక్షసుడే. ఏ పక్కకీ దారి లేదు.

"కొలతలు నావి వదినా," అంది చివరికి. "కాగితం మీద గీసింది నేను. పటకాలు కుట్టింది నేను. అడిగింది నేనే. ఆయన మొదట ఒప్పుకోలేదు. నాకెక్కడ దెబ్బ తగులుతుందోనని ఇసకబస్తాలు ఎక్కించి, ఆ బల్ల ఊగదని తేలేదాకా నన్ను దాని దగ్గరికే రానివ్వలేదు."

ఆడపడుచు చెయ్యి తీసేసుకుంది. మొహం ఎర్రబడింది. "నాకెందుకు చెప్తున్నావవన్నీ!" అంటూ చెప్పులేసుకుని బయటికి నడిచింది.

అత్తగారు మాత్రం కదల్లేదు. కోడలి కళ్లలోకి చూస్తూ అడిగింది, "నువ్వు వద్దంటే?"

కోడలు ఆవిడని వెనకగదికి తీసుకెళ్లింది. సిగ్గుతో చచ్చిపోతూనే తన మణికట్టుకి పటకా బిగించి, వేళ్లకి అందేలా కుట్టిన చిన్న తోలుముక్కని లాగింది. పటకా ఊడి కింద పడింది.

"నేను లాగితే చాలత్తయ్యా. వద్దని ఒక్క మాటన్నా చాలు, ఆయనే విప్పేస్తారు."

ఆవిడ తానే ఆ పటకా బిగించి లాగి చూసింది. మళ్లీ బిగించింది, మళ్లీ లాగింది. ఊడిన ప్రతిసారీ కళ్లు నిండుతున్నాయి.

"మీ మామయ్య మా గది తలుపుకి బయట గొళ్లెం పెట్టించాడు," అంది. "కోపమొస్తే వేసుకుని పోయేవాడు. వద్దన్నా, ఏడ్చినా వినేవాడు కాదు. ఒకసారి రెండు రోజులు తియ్యలేదు. వీడూ అలాంటివాడే అయ్యాడనుకున్నానమ్మా."

గుమ్మంలో నిలబడ్డ కొడుకు ఆ మాట వినడం అదే మొదటిసారి. "అమ్మా, నాకెప్పుడూ చెప్పలేదే," అంటూ వచ్చి కింద కూలబడి తల్లి చేతులు పట్టుకున్నాడు. కోడలు ఆవిడ పక్కనే కూర్చుని చీర చెంగుతో ఆవిడ కళ్లు మెల్లగా అద్దింది.

కాసేపటికి ఆవిడ తేరుకుని దుప్పటి తీసి బల్ల మీద తానే కప్పింది. కొడుకు వైపు తిరిగి ముక్కు ఎగబీల్చింది.

"ఇంత పనిమంతుడివి, ఈ గదికి లోపల గడియ పెట్టుకోవడం తెలియలేదట్రా? ముందు ఆ పని చూడు. మీ అక్కతో నేను మాట్లాడతాలే."