మూరెడు దిగిన మేకు

"మధ్యాహ్నం పన్నెండింటికి మీ వదిన దేశాన్ని అమ్మేస్తోంది," అన్నాడు చీఫ్, టీలో చక్కెర కలుపుకుంటూ.

ఏజెంట్ జిడ్డు కుర్చీ అంచుకి జరిగాడు. పట్టుకుంటే వదలడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు అది.

"మా వదినా? కూరలవాడి దగ్గర కొసరు కూడా అడగదు సార్ ఆవిడ!"

"ఇవాళ ఆవిడ మీ వదిన కాదు. అంతర్జాతీయ భూపట విజ్ఞాన సంఘానికి ప్రెసిడెంట్. నలభై దేశాల సైంటిస్టులు హాల్లో కూర్చున్నారు. పన్నెండింటికి తీరం మ్యాపు మీద ఆవిడ సంతకం. ఏ నేల సముద్రానికి ఎంత ఎత్తులో ఉందో చెప్పే శాటిలైట్ మ్యాపు. దాన్నిబట్టి గోడ కడతారు. ఒక్కటే గోడ. మనకో, అవతలి దేశానికో."

"అయితే?"

"శాటిలైట్ ఎత్తులన్నీ చివరికి ఒక్క ఇత్తడి మేకుతో సరిచూస్తారు. పాత కస్టమ్స్ ఆఫీసు గోడలో ఉంది. ఆ మేకు కిందికి దించితే మన పల్లపు వీధులు ఎత్తుగా ఉన్నట్టు లెక్క తేలుతుంది. గోడ వాళ్ళకి పోతుంది. ఎనభై వేలమంది నీళ్ళపాలు. పదిన్నరకి మీ వదిన అక్కడికి వెళ్తోంది. సంఘం సెక్రటరీయే చెప్పింది. ఆవిడ మన ఏజెంటే, కోడ్ నేమ్ ముత్యాలు. మీ వదిన మేకు మీద చెయ్యి వేస్తే అరెస్ట్ చెయ్. పారిపోతే షూట్."

జిడ్డు లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"సార్, నా క్వార్టర్ అప్లికేషను... ఆరేళ్ళయింది. పోటు వచ్చినప్పుడల్లా ఇంట్లోకి నీళ్ళొస్తున్నాయి."

"ముందు పని చూడవయ్యా."

పదింపావుకల్లా కస్టమ్స్ ఆఫీసు ముందు నిచ్చెన, సున్నం బకెట్టు, పెట్టుడు మీసంతో ఒక వెల్లవాడు తయారయ్యాడు. జేబులో డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్ను. మూత తిప్పితే పొగ చిమ్ముతుందట. నడుముకి పిస్టల్. వదిన మీద గురిపెట్టాల్సి వస్తే చెయ్యి లేస్తుందా? లేవదని అతనికి తెలుసు. అదే భయం. అమ్మానాన్నలు పోయాక పదేళ్ళ పిల్లాణ్ణి చంకనెత్తుకున్నంత పని చేసింది ఆ మనిషి. అన్నయ్య కూడా పోయాక, ఉన్నది ఇద్దరే.

పదిన్నరకి ఆవిడ వచ్చింది. భుజాన పాత గుడ్డ సంచి, చేతిలో టేపు. మేకు దగ్గర వంగి చూసింది. తల తిప్పకుండానే అంది.

"మరిదిగారూ, మీసం ఊడుతోంది."

జిడ్డు మీసం అదిమి పట్టుకున్నాడు.

"జెరాక్స్ మిషన్లు రిపేరు చేస్తానని చెప్పేవాడివి, గోడలకెప్పుడు ఎగబాకావురా?"

"నువ్విక్కడికి ఎందుకొచ్చావు వదినా? అది చెప్పు ముందు."

"ఇన్నేళ్ళూ నా కూడా తిరిగావు, తెలీదూ? కాళ్ళతో వెళ్ళి నేల చూడకుండా ఏ మ్యాపు మీదా సంతకం పెట్టను. ఇలా రా. నీ నుదుటి మీద మచ్చ ఎలా వచ్చింది?"

ఎలా వచ్చిందో మర్చిపోతాడా! సర్వేయరు అన్నయ్య ఈ మేకు కొట్టిన మర్నాడే, పదేళ్ళ జిడ్డు పరిగెత్తుకొచ్చి దానికి నుదురు బాదుకున్నాడు. ఇప్పుడు దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. అప్పుడు నుదురు పగలగొట్టిన మేకు ఇప్పుడు తొడకి తగులుతోంది. తను పెరిగిన మాట నిజమే గానీ, మరీ ఇంత పెరగలేదు.

బకెట్టులోని గరిటెతో పై గోడ గీకాడు. మూరెడు పైన, సున్నం కింద, సిమెంటు కూరిన పాత కన్నం బయటపడింది. సిమెంటు రాయిలా గట్టిపడి ఉంది. వేసి పది రోజులైనా అయ్యుండాలి. వదినేమో నెల్లాళ్ళు పరాయి దేశాల్లో తిరిగి నిన్న సాయంత్రమే విమానం దిగింది. జిడ్డు గుండెల మీంచి పెద్ద బరువు దిగింది.

"సముద్రం ఎలా ఉంది?" వెనకనించి తియ్యటి గొంతు. కోడ్!

"ఉప్పగానే ఉంది," అని తిరిగాడు. నల్ల కళ్ళద్దాలు, మూడు పేటల ముత్యాలు. వీధంతా సెంటు వాసన.

"గుడ్. ప్రెసిడెంటుని నాకు అప్పగించు."

"అప్పగిస్తాను మేడమ్. పది రోజుల క్రితం ఈ మేకు ఎవరు దించారో మీరు చెప్పగానే."

ముత్యాలు నిట్టూర్చింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ తీసింది. "తెలివైనవాణ్ణి పంపకండి అని చీఫ్‌కి చెప్పాను. పన్నెండు దాకా ఇద్దరూ కదలకండి. ప్రెసిడెంటు రాకపోతే వైస్ ప్రెసిడెంటు సంతకం పెడతాడు. పాపం, ఆయన ఏ కాగితం చూపించినా పెడతాడు."

గడియారం నడుస్తోంది. పదకొండుంపావు. పదకొండున్నర. జిడ్డు జేబులో పెన్ను మూత తిప్పాడు. ఏమీ కాలేదు. మళ్ళీ తిప్పాడు. సిరా కారి చొక్కా తడిసింది. డిపార్ట్‌మెంట్ సరుకు!

"దురద మేడమ్," అంటూ వంగి, సున్నం బకెట్టు ఎత్తి ఆవిడ మొహాన కొట్టాడు. తూటా నిచ్చెనకి తగిలింది. పిస్టల్ వదిన కాలి కింద ఉంది.

నిచ్చెన తాడుతో ముత్యాలు చేతులు కట్టి ముగ్గురూ టాక్సీ ఎక్కారు. "సీటు పాడవుద్ది, పేపర్ వేసుకోండి," అన్నాడు డ్రైవరు.

పదకొండూ యాభైతొమ్మిది. వైస్ ప్రెసిడెంటు పెన్ను కాగితానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది.

"ఆపండి!" వదిన గొంతు హాలంతా మోగింది. తెర దగ్గరి ఆపరేటర్ని చూసి, "మన తీరంలో ప్రతి ఎత్తులోంచీ నలభై ఐదు సెంటీమీటర్లు తీసెయ్యి నాయనా," అంది.

అతను తీసేశాడు. తెర మీద పచ్చగా ఉన్న పల్లపు వీధులు ఎర్రబడ్డాయి. రేవు, ఆస్పత్రి, స్కూళ్ళు, వదిన ఇల్లు. కుట్ర భగ్నమైంది. జిడ్డు చప్పట్లు కొట్టబోయి, ఎవరూ కొట్టడం లేదని ఆగిపోయాడు.

గోడ కమిటీ ఛైర్మన్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "క్షమించాలి. ఇంత పల్లాన్ని ఏ గోడా కాపాడలేదు. ఇక్కడ కట్టడం వృథా."

ఓటుకి అందరూ చేతులెత్తారు. గోడ అవతలి దేశానికి పోయింది.

సున్నపు మొహంతో ముత్యాలు పడీ పడీ నవ్వింది. "నా అబద్ధానికీ మీ నిజానికీ తేడా ఏంటి మేడమ్?"

"ఉందమ్మా. నీ లెక్కలో జనం నిద్రలో పోయేవాళ్ళు. నా లెక్కలో మూటలు కట్టుకుంటారు."

"కట్టుకుని ఎక్కడికి వెళ్తారు?"

ప్రెసిడెంటు తెర మీద ఎర్రబడ్డ తన వీధికేసి తిరిగింది.

సాయంత్రం ఇద్దరూ మేకుని పాత కన్నంలో మళ్ళీ బిగించారు. జిడ్డు సుత్తి దించాడు.

"మునగడానికి ఎన్నేళ్ళు వదినా?"

"పదకొండు. పెద్ద తుఫాను రాకపోతే." ఆవిడ అరచేత్తో మేకు తడిమింది. "నలభై దేశాలకి ప్రెసిడెంటునిరా నేను. నా వీధిని కాపాడుకోలేకపోయాను." అని గోడకి తల ఆనించి ఏడ్చింది. పక్కన నిలబడి జిడ్డు కూడా ఏడ్చాడు.

ఫోను మోగింది. చీఫ్!

"శభాష్! నీ క్వార్టర్ ఇవాళే శాంక్షన్ చేయించాను. పల్లపు వీధుల్లోనే, మీ వదినకి దగ్గర. గ్రౌండ్ ఫ్లోర్!"