ఇంకా నేర్పని అక్షరం

నిస్రీన్ బొమ్మలు మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద నియమాలు రాసుకుంది. రంగులు ఐదే. గీత మందం అన్నిటికీ ఒకటే. బల్ల ముందు కూర్చున్న ఆడమనిషి ప్రతి పాఠంలోనూ ఎడమవైపే చూడాలి. అరబీ చదివే కన్ను కుడి నుంచి ఎడమకు, రాబోయే పాఠం వైపుకు పోతుంది మరి. ఆవిడ చేతిలోని పలక మీద అప్పటిదాకా నేర్పిన అక్షరాలు తప్ప మరొకటి కనపడకూడదు.

చదువురాని ఆడవాళ్ళకు ఫోన్‌లోనే అక్షరాలు నేర్పే కోర్సు అది. పాఠానికొక అక్షరం. ఆ బొమ్మకు నిస్రీన్ తన తల్లి ముఖం పెట్టింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి ఎవరూ లేరు కూడా. తల్లి బతికినన్నాళ్ళూ వేలిముద్రే వేసింది. "నాకూ నాలుగక్షరాలు చెప్పవే" అని అడిగినప్పుడల్లా నిస్రీన్ రేపు అనేది. ఆ రేపు రాకుండానే ఆవిడ పోయి పద్నాలుగు నెలలైంది. కైరోలో షుబ్రా పేటలోని ఆ రెండు గదుల ఇంట్లో ఇప్పుడు నిస్రీన్ నోరు విప్పి మాట్లాడి ఒక్కోసారి వారం అయ్యేది. బొమ్మలోనైనా అమ్మ చదువుకుంటోందన్నది ఒక్కటే ఆమెకు ఊరట.

ఎడారి దుమ్మును మోసుకొచ్చే ఖమాసీన్ గాలి లేచిన మధ్యాహ్నం కైరో అంతా పసుప్పచ్చగా మసకబారింది. కిటికీ సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కినా పళ్ళ కింద దుమ్ము కరకరలాడుతోంది. మూడు గంటలకే లైటు వేసుకోవలసి వచ్చింది. అప్పుడే కోర్సు చూసుకునే రాఫత్ ఫోన్ చేశాడు.

"నీ బొమ్మలో ఆవిడ నా మీద అలిగిందా ఏమిటమ్మాయ్? నాలుగో పాఠంలో అటు తిరిగి కూచుంది."

"ఎటు?"

"కుడికి. అయిపోయిన పాఠంకేసి చూస్తూ కూచుంటే చదువేం వస్తుంది? తిరగేసి పంపినట్టున్నావ్, చూసుకో."

"అలాగే ఉస్తాజ్. సరిచేస్తాను."

ఆ పొరపాటు వాళ్ళ పనిలో మామూలే. ఎడమ నుంచి చదివేవాళ్ళు తయారుచేసిన సాఫ్ట్‌వేర్ అది. ఒక్క మీట పొరపాటున తగిలితే చాలు, బొమ్మనంతా అద్దంలోలా తిప్పేస్తుంది. నిస్రీన్ ఫైలు తెరిచింది. నిజమే, తల్లి కుడికి తిరిగి ఉంది. దాన్ని వెనక్కి తిప్పబోయి ఆగిపోయింది. బొమ్మ తిరగబడితే పలక మీది అక్షరాలూ తిరగబడాలి. అవి సరిగ్గానే ఉన్నాయి.

పైగా అవి ఆమె రాసినట్టు లేవు. అలిఫ్, బా, తా, నూన్ అని విడివిడిగా రాసింది తను. ఇప్పుడవి కలిసి రెండు మాటలయ్యాయి.

బింత్. బాబ్.

కూతురు. తలుపు.

గదిలో మెంతులు ఉడికిన వాసన వచ్చింది. తల్లి రోజూ సాయంత్రం కాచుకు తాగేది. పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు ఆవిడ, బింత్ అనే పిలిచేది. నిస్రీన్‌కు భయం వేయలేదు. ఏడుపొచ్చింది.

"అమ్మా..." అంది గుసగుసగా.

తలుపు చప్పుడైంది. మూడుసార్లు... నెమ్మదిగా.

తలుపు కుడివైపునే ఉంది. తల్లి చూస్తున్నది దాన్నే.

తలుపు, అంటే? తియ్యమనా? తియ్యొద్దనా? చెప్పడానికి తల్లికి వచ్చినవి నాలుగే అక్షరాలు. ఐదో పాఠం లామ్. దాని బొమ్మ సగంలో ఉంది. నిస్రీన్ గబగబా దాన్ని ముందుకు లాక్కుంది. గీత మందం తప్పింది. తప్పితే తప్పనీ... పలక మీద లామ్ రాసింది.

మళ్ళీ మూడుసార్లు.

ఆ తలుపు ఎవరైనా తట్టి ఎన్నాళ్ళయిందని! ఆమె ఇక ఆగలేకపోయింది. వెళ్ళి గడియ తీసింది.

ఎవరూ లేరు. మెట్ల మీద పసుపు దుమ్ము, దాని మీద అడుగుజాడ ఒక్కటీ లేదు. గాలి మాత్రం ఆమె భుజాన్ని ఒరుసుకుంటూ లోపలికి పోయింది. నిస్రీన్ తలుపు మూసి గడియ పెట్టి, బల్ల దగ్గరికి వచ్చింది.

బొమ్మలో కుర్చీ ఖాళీగా ఉంది. తల్లి ఆ బొమ్మ అంచుకు, ఇంక పోవడానికి చోటులేనంత మూలకు ఒదిగి నిలబడి ఉంది. పలకను రెండు చేతులా ముందుకు చాపింది. లామ్, అలిఫ్. లామ్, అలిఫ్. పలకంతా అదే మాట, కిందిదాకా.

లా. లా. లా.

వద్దు. వద్దు. వద్దు.

మనిషి గొంతు వినాలనిపించింది నిస్రీన్‌కు, ఎవరిదైనా సరే. రాఫత్‌కు ఫోన్ చేసింది.

"ఉస్తాజ్... కాసేపు ఏదైనా మాట్లాడండి. పని గురించి కాకపోయినా సరే."

"మాట్లాడొచ్చులే, ముందు నీ పక్కనున్న ఆ పెద్దాయన సంగతి చూడు. ఈ దుమ్ములో పడి వచ్చినట్టున్నాడు, ఒకటే దగ్గు వినపడుతోంది. కాసిని మంచినీళ్ళివ్వు పాపం. నేను రేపు చేస్తా."

ఫోన్ పెట్టేశాడు. నిస్రీన్ ఊపిరి బిగబట్టి వింది. ఆమెకు ఏ దగ్గూ వినపడలేదు.