కర్ఫ్యూ సడలించిన రెండు గంటలు

సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు దాటింది. ఎల్‌బీ నగర్ చౌరస్తా పక్కన మా శిబిరంలో ఆ మధ్యాహ్నం పులిహోర పంచుతున్నారు. విజయవాడ రోడ్డు మీద ఒక్క బస్సు లేదు. డిపోలో బస్సుల కింద పడుకుని నట్లు బిగిస్తూ ముసలివాణ్ణయ్యాను. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటి కర్ఫ్యూ తర్వాత ఆ రోడ్డు అంత ఖాళీగా నేనెన్నడూ చూడలేదు.

పొద్దున మైకు పట్టుకుని అరిచింది నేనే. "తెలంగాణ వచ్చేదాకా ఒక్క ఆఫీసు తాళం తీయొద్దు! ఒక్క ఫైలు కదలొద్దు!" సాయంత్రానికి ఆ తాళం తీయించింది కూడా నేనే.

కారణం నా మనుమరాలు ఎలిజబెత్. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది. మా వంశం కథ రాస్తానని కూర్చుంది. నల్గొండ పల్లె నుంచి ఎవరు ముందొచ్చారు, ఎవరు ఎప్పుడు బాప్తిస్మం తీసుకున్నారు, అన్నీ పెద్ద కాగితం మీద గీసింది. అందులో ఒక్క గడి ఖాళీ. మా నాయన మత్తయి చనిపోయిన తేదీ. ఆయన సమాధి మీద రాయి కూడా వేయించాలని ఆమె పట్టుదల.

"అరవై తొమ్మిది, జూన్ ఐదు. పోలీసు లాఠీ దెబ్బకు పోయిండు. ఎన్నిసార్లు చెప్పాలె?" అన్నాను.

"నోటిమాట పనికిరాదు తాతా. కాగితం కావాలె. రాయి చెక్కేటాయన ఆదివారం దాక ఆగుతనన్నడు."

ఆ కాగితం ఆమెకంటే నాకే ఎక్కువ కావాలి. నాయన చావు నేనెక్కడా రాయించలేదు. ఇంకెవరైనా రాయించి ఉంటే, ఏ తేదీ రాయించారు? జూన్ ఐదు అని ఉంటే నేను మిగిలిన నాలుగు రోజులు నిద్రపోతాను. నలభై రెండేళ్ళుగా నన్ను తింటున్న అనుమానం అది.

ఆ ఆఫీసు పేరు చెప్పను. అక్కడివాళ్ళ తప్పేమీ లేదు. పాత పంచాయతీ రిజిస్టర్లు దాచిన గది తాళం అటెండరు అంతయ్య దగ్గరుంటుంది. అతనూ సమ్మెలోనే ఉన్నాడు, మా శిబిరంలోనే కూర్చున్నాడు. పక్కకు పిలిచి చెప్పాను.

"అన్నా, పొద్దుగాల మైకుల ఏమన్నవ్, గిప్పుడు ఏమంటున్నవ్?" అని నవ్వాడు. "జెండా పట్టినోనికి ఒక రూలు, మాకొక రూలా?"

"ఫైలు కదిలియ్యను రా. నిలబడి చూసొస్త."

"సరే పా. పది నిమిషాలే. మనోళ్ళు చూస్తే నా ఇజ్జత్ పోతది."

నాలుగు గంటలైంది. ఆ గదికి కిటికీ లేదు. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉన్నాయి కదా, కరెంటు పోయి చాలాసేపైంది. తలుపు తీయగానే చెమ్మ, ఎలుకల కంపు, మాగిన కాగితాల వాసన ముఖాన కొట్టాయి. ఫోను లైటు వేసుకుని లోపలికి నడిచాను. ఇంతలో అంతయ్య గొంతు తగ్గించాడు.

"అన్నా, మనోళ్ళే వస్తుండ్రు. తాళం ఏస్తున్న. సప్పుడు జెయ్యకు."

తలుపు మూసుకుంది. తాళం పడింది.

మా నాయన సంగతి చెప్పాలి. ఆయన రాళ్ళ క్వారీలో పనిచేసేవాడు. సమ్మెట దెబ్బకు ఎడమ బొటనవేలు నిలువునా చీలి, రెండు ముక్కలు అతికించినట్టు మానింది. రాయిని పగలగొట్టే ముందు దాని మీద మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి వినేవాడు. లోపల పగులుంటే రాయే చెబుతుందనేవాడు. మా గుడిసె తలుపు కూడా అట్లాగే కొట్టేవాడు. మూడుసార్లు కొట్టి, ఆగి, వినేవాడు.

ఆ జూన్‌లో ఊరేగింపుకు పోయింది నేను. నన్ను వెతుక్కుంటూ వచ్చి తల మీద లాఠీ దెబ్బ తిన్నది ఆయన. తెల్లారేసరికి ఒళ్ళు చల్లబడింది. ముక్కు దగ్గర అద్దం పెట్టాను, ఆవిరి కనబడలేదు. కర్ఫ్యూలో ఏ డాక్టరు వస్తాడు? నాలుగు నుంచి ఆరు దాకా కర్ఫ్యూ సడలిస్తున్నామని పోలీసులు జీపులో చెప్పుకుంటూ పోయారు. బతికినవాళ్ళు నూకలు తెచ్చుకోవాలన్నా, చచ్చినవాళ్ళను పూడ్చుకోవాలన్నా ఆ రెండు గంటలే. నలుగురం కలిసి పాత చెక్కలతో పెట్టె కొట్టి మోసుకుపోయాం. గొయ్యి సగం పూడేసరికి మిగతా ముగ్గురూ భయపడి ఇళ్ళకు ఉరికారు. పార పట్టుకుని నేనొక్కణ్ణే మిగిలాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు.

రిజిస్టరు కింది అరలో దొరికింది. అట్ట ఊడింది. పేజీల మధ్య నుంచి ఎర్రమట్టి జారి నా పాదాల మీద పడింది. వేలు పెట్టి ఒక్కో వరసా చూసుకుంటూ పోయాను.

జూన్ ఐదు. మా నాయన పేరు లేదు.

ఆరు. లేదు.

ఏడు. లేదు.

జూన్ ఎనిమిది. మత్తయి, వయసు యాభై. కారణం... ఊపిరాడక.

మళ్ళీ చదివాను. అక్షరాలు మారలేదు.

పూడ్చింది గురువారం. ఇక్కడ రాసింది ఆదివారం. మూడో రోజు లేచినవాడి మాట ప్రతి ఆదివారం చర్చిలో వింటూ పెరిగినవాణ్ణి నేను. మా నాయన కూడా మూడు రోజుల పాటు లేవాలనే చూశాడన్నమాట. లేవనివ్వనివాణ్ణి నేను.

చివరి గడి చూశాను. చావు కబురు తెలిపినవారి వేలిముద్ర. ఎర్రటి ముద్ర. నిలువునా చీలి... రెండు ముక్కలు అతికించినట్టు.

ఫోను ఆరిపోయింది.

చీకట్లో పైనుంచి చప్పుడు. కప్పు మీద పారతో మట్టి పోస్తున్నట్టు. దబ్... దబ్... తడిమట్టి వాసన గొంతు దాకా వచ్చింది. తడుముకుంటూ తలుపు దగ్గరికి పోయి కొట్టాను. మూడుసార్లు. ఆగాను. చెవి ఆనించాను. నా చేయి అట్లా ఎందుకు కొట్టిందో నాకు తెలియదు.

బయట ఎవరో ఉన్నారు. ఊపిరి వినిపిస్తోంది.

"అంతయ్యా... తియ్యి..."

తాళం కదల్లేదు.

మళ్ళీ మూడు. ఆగాను.

నా వెనక, గది లోపలి నుంచి... మూడు.

ఆ చప్పుడు నాకు కొత్తది కాదు. ఆనాడు గొయ్యి సగం పూడినప్పుడు కింద నుంచి విన్నాను. మూడు దెబ్బలు. ఆగింది. మళ్ళీ మూడు దెబ్బలు. అవతల పోలీసులు విజిల్ వేశారు. ఆరుకి పావు తక్కువ. పెట్టె మీద మట్టిగడ్డలు పడ్డ చప్పుడే అనుకున్నాను. అనుకుని, మట్టి పోశాను. గబగబా పోశాను. చప్పుడు వినబడకుండా పోయేదాకా పోశాను.

తాళం తీసేసరికి ఆరైంది. అంతయ్య మొహం తెల్లగా పాలిపోయింది.

"రెండు గంటలు... కొడుతుంటే ఇనబడలేదారా?"

"ఇన్ననన్నా. మనోళ్ళు గేటు కాడ్నే కూసున్నరు. ఇని గూడ తియ్యలె. ఏం జెయ్యమంటవ్?"

తిట్టబోయి ఆగిపోయాను. ఆ మాట నాకు తెలిసిందే. నలభై రెండేళ్ళు నాకు నేను చెప్పుకున్నదే.

"అది సరే అన్నా," అన్నాడు మెల్లగా. "నువ్వు కొట్టుడు ఆపినప్పుడల్లా కొట్టింది ఎవరు?"

ఇంటికొచ్చి తెల్లకాగితం మీద నా చేత్తో రాశాను. మత్తయి, మరణం 5-6-1969. ఎలిజబెత్ చేతిలో పెట్టాను.

"రికార్డుల గిట్లనే ఉందా తాతా?"

"గట్లనే ఉంది."

నా కళ్ళలోకి చూసి నమ్మింది. ఆ పిల్ల కాగితాన్ని అడిగింది గానీ, నన్ను ఎప్పుడూ అనుమానించలేదు.

ఆదివారం సాయంత్రం సమాధి దగ్గర ప్రార్థన పెట్టుకున్నాం. రాయి చెక్కినాయన గోనెపట్టా తీశాడు. నున్నటి నల్లరాయి. దాని మీద పేరు, కింద తేదీ. 8-6-1969.

"తేదీ తప్పు కొట్టినవయ్యా!" అని గట్టిగా అరిచాను.

"మీరు రాసిచ్చినట్టే కొట్టిన పెద్దాయనా," అని జేబులోంచి కాగితం తీశాడు. నా రాతే. అక్షరాల వంకర కూడా నాదే. కానీ అంకె మాత్రం ఎనిమిది. ఎలిజబెత్ కాగితం అందుకుని తిప్పి చూసింది.

"తాతా, ఎనుక గీ ఏలిముద్ర ఎవరిది? ఇంకా తడిగ ఉందేంది?"

ఆమె వేళ్ళకు ఎర్రమట్టి అంటింది.

రాయి సరిగ్గా కూర్చుందో లేదో చూద్దామని అతను వంగి సుత్తితో మూడుసార్లు కొట్టాడు. నాలుగోసారి ఎత్తిన సుత్తి గాలిలోనే ఆగిపోయింది.

"జర ఆగుండ్రి," అని గుసగుసగా అన్నాడు. మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుని రాయికి చెవి ఆనించాడు. ఎలిజబెత్ కూడా అతని పక్కన కూర్చుని వంగింది. వింటూ, తల తిప్పి, నా వైపు చూసింది.

గడియారం చూసుకున్నాను. ఆరుకి పావు తక్కువ.