రాజమల్లుకు చెప్పిన మాట

పొద్దున్నే చాయ్ గ్లాసులు కడుగుతూ కూడా గంగమణి కోడలి మీద ఒక కన్ను వేసే ఉంచింది.

పెర్కిట్‌లో రోడ్డు వారనే వాళ్ళ ఇల్లు. వ్యవసాయ డిగ్రీ చదివిన కోడలు తార, తొంభై రెండులో దసరా ముందు, ముందుగది గోడకు ‘పసుపు పంట సలహాలు’ అని బోర్డు పెట్టించింది. చలికాలం గడిచిపోయినా ఆ బోర్డు కింద ఆగినవాళ్ళలో ఎక్కువమంది బస్సు వేళ అడిగినవాళ్ళే. వచ్చిన ఒకరిద్దరు రైతులు కూడా చాయ్ తాగి, “ఏ పురుగుమందుల దుకాణపోళ్ళు చెప్పమన్నరమ్మా?” అని అడిగి లేచిపోయారు. సలహా అమ్ముకుని బతికే మనిషి ఉంటుందంటే ఎవరు నమ్ముతారు! పైగా ఆమె మామ భోజన్న విత్తన పసుపు అమ్మేవాడాయె.

అలాంటిది నిన్న నవీపేట్ రాజమల్లు వచ్చి తార దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. ఈ ఏడు భోజన్న విత్తనమంతా తానే కొంటానని మాటిచ్చినవాడు అతనే. గంగమణి గుమ్మం దగ్గరికి రాగానే ఇద్దరూ మాట ఆపేశారు. అప్పటి నుంచి ఆమె మనసు మనసులో లేదు.

మధ్యాహ్నం కొడుకు గంగాదాస్ మార్కెట్ నుంచి రొప్పుతూ వచ్చాడు. భోజన్న పెరట్లో, రేకుల కింద, విత్తన కొమ్ముల కుప్ప ముందు కూర్చుని ఉన్నాడు.

“బాపూ, రాజమల్లు మన ఇత్తనం వద్దంటున్నడు!”

“ఎందుకట?”

“చెప్తలేడు. మొఖం తప్పించుకుంట తిరుగుతున్నడు.”

“నన్నడుగు, నేను చెప్త,” అంటూ గంగమణి కొంగు బిగించి ముందుకు వచ్చింది. “నిన్న గీ పిల్ల ఆయనతోని గుసగుసలు పెట్టింది. ముప్కాల్‌ల దీని అన్న దగ్గర గూడ ఇత్తనమున్నది. బేరం గటు మళ్ళించింది. మన తిండి తిని పుట్టింటికి పని చేస్తున్నది!”

తార తల దించుకోలేదు.

“మా అన్న పేరు గూడ ఎత్తలేదు అత్తమ్మా. ‘మీ మామ ఇత్తనం తీసుకోవాల్నా, వద్దా’ అని రాజమల్లు నన్ను అడిగిండు. వద్దన్న.”



“నీకు పిచ్చి గిట్ల లేసిందా?” అని గంగాదాస్ అరిచాడు. “మన నోట్ల మనమే మన్ను కొట్టుకుంటమా?”

“పడమటి మడిల దుంపకుళ్ళు పడ్డది. గా మడి కొమ్ములు గూడ గీ కుప్పల కలిసినయి. రాజమల్లుకు ఉన్నదే ఒక్క చేను. అది గూడ కుళ్ళిపోతే ఆయన గతేం గావాలె?”

భోజన్నకు రోషం పొడుచుకొచ్చింది. “మీసం రాకముందుసంది పసుపు చేస్తున్న. నీళ్ళు నిలిచి జర పాడైంది, గంతే! సూడు!”

కుప్పలోంచి ఒక కొమ్ము తీసి పుటుక్కున విరిచాడు. లోపల మేలిమి పసుపు. ఇంకొకటి విరిచాడు, అదీ అంతే. గంగమణి కోడలి వైపు గెలిచినట్టు చూసింది. మూడోది విరగనే లేదు, వేళ్ళ మధ్యే మెత్తగా నలిగింది. లోపల గోధుమరంగు, ముక్కు మూసుకునే వాసన. భోజన్న ఆగలేదు. ఒకటి తర్వాత ఒకటి విరుస్తూనే పోయాడు. మంచివీ చెడ్డవీ కలిసి అతని కాళ్ళ దగ్గర పడ్డాయి. చివరికి చేతులు వేలాడేసి కూర్చున్నాడు.

“నాకెందుకు చెప్పలే బిడ్డా?”

“చెప్పిన మామా. దీపావళప్పుడు, ‘ఆకులు పండుబారుతున్నయి, జర చూడున్రి’ అన్న. ‘చూద్దాం తియ్’ అన్నరు. మల్ల చెప్పనీకి భయమైంది. గట్టిగ చెప్పకపోవుడు నా తప్పే.”

“రాజమల్లుకు చెప్పనీకి భయం గాలేదా?”

“ఆయన అడిగిండు మామా.”

ఆ మాట భోజన్నకు తగిలింది. ఇంట్లో ఇంత చదువు పెట్టుకుని, ఇన్నాళ్ళలో ఒక్కసారైనా ఆ పిల్లను పిలిచి అడిగానా అనుకున్నాడు. మెల్లగా లేచి భార్యతో అన్నాడు, “పెద్ద కడాయి కింద పొయ్యి ముట్టియ్. మంచియి గూడ ఉడకవెట్టి వంట పసుపుకే అమ్ముదాం. ఒక్క కొమ్ము గూడ ఇత్తనమని ఎవరింటికీ పోవద్దు.”

గంగమణి ఇక కోడలి ముఖంలోకి చూడలేకపోయింది. కట్టెలు తెచ్చి పొయ్యిలో పెట్టింది. గంగాదాస్ కుప్పను గంపలకెత్తసాగాడు.

భోజన్న కోడలి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. “ఇప్పుడు నేనడుగుతున్న. రాజమల్లుకు చెప్పినట్టే నాకూ చెప్పు. వచ్చే ఏడు మన చేన్ల పసుపు పెట్టాల్నా, వద్దా?”

మీ ఇష్టం మామా అనడం తారకు ఎంత సులువో! ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

“వద్దు మామా. రెండేండ్లు పెట్టొద్దు.”

ఆ చేను పసుపు లేకుండా ఉండటం భోజన్న పుట్టి ఎరగడు. దెబ్బ తిన్నవాడిలా కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచి, “మరి ఏం పెడదాం?” అన్నాడు.

తార జవాబు చెప్పబోయింది కానీ ఏడుపు ముంచుకొచ్చింది. గంగమణి పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, మసి చేతిని చీరకు తుడుచుకుని, కోడలి భుజం పట్టుకుంది.

“ఏడ్వకు బిడ్డా. ఆయన అడుగుతున్నడు, చెప్పు.”