గోడ పక్క అంచు

పోయేవాళ్ళని వాళ్ళింట్లోనే, నొప్పి తెలియకుండా సాగనంపడం నా ఉద్యోగం. మందులివ్వడం, ఒళ్ళు తుడవడం, ఎండిన పెదాలు తడపడం, ఇంట్లోవాళ్ళు ఏడిస్తే పక్కన కూర్చోవడం. ఎవరైనా దెయ్యాల మాటెత్తితే నాకు ఒళ్ళు మండేది. చచ్చినవాళ్ళకంటే బతికున్నవాళ్ళే నన్ను ఎక్కువ వేపుకు తిన్నారు మరి.

ఒక ఇంట్లో అలా వేపుకు తిన్నది, నేను చూసుకుంటున్న పెద్దావిడే. జబ్బు ముదిరి మనిషి ఎముకల గూడైపోయినా నోటి పదును తగ్గలేదు. "నీ చేతులింత చల్లగా ఉన్నాయేంటే పిల్లా, శవాన్ని పట్టుకుని వచ్చావా?" అనేది. ఆవిడ మంచం గోడకి ఆనించి ఉండేది. ఎప్పుడూ గుమ్మంవైపే తిరిగి పడుకునేది. ఆ పక్క తుంటి ఒరుసుకుపోయి పుండు పడుతున్నా సరే.

"కాసేపు గోడవైపు తిరుగు పెద్దమ్మా," అని ఒకరోజు బతిమాలాను.

"చచ్చినా తిరగను. మా ఆయన్ని ఇదే మంచం మీద అలా తిప్పి పడుకోబెట్టాను. నీళ్ళు, నీళ్ళు అని గోడకే చెప్పుకున్నాడు."

"ఇవ్వలేదా?"

"జన్మంతా నన్ను కాల్చుకు తిన్నాడు. ఎందుకివ్వాలి?" అంటూనే నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో భయం ఉంది. "నన్ను అటు తిప్పనని మాటివ్వు. నా కూతురి మొహం చూస్తూ పోవాలి."

మాటిచ్చాను.

చివరిరోజు మధ్యాహ్నం ఆవిడ ఊపిరి తీరు మారింది. కర్టెన్లు వేసిన గదిలో మందుల వాసన. దాని కింద తడి సున్నం వాసన. గోడ తడిమి చూశాను, పొడిగానే ఉంది. ఆవిడ దిండు మీంచి బాగా కిందికి జారిపోయి ఉంది. అలా జారినవాళ్ళని పైకి జరపాలంటే ఇద్దరు కావాలి. కింద పరిచిన దుప్పటిని చెరో అంచూ పట్టుకుని, "మూడు" అనగానే కలిసి లాగాలి. నా చూపు రోగి మొహం మీదే ఉంటుంది, అవతలి మనిషిని చూడను. ఏళ్ళ అలవాటు.

"అమ్మాయ్, ఒకసారి రా," అని కేకేశాను.

"వస్తున్నా అక్కా," అంది కూతురు వంటింట్లోంచి.

అవతలి అంచు బిగుసుకుంది. వచ్చిందనుకున్నాను.

"ఒకటి... రెండు... మూడు."

పెద్దావిడ పైకి రాలేదు. ఒక్క ఊపులో గోడవైపు దొర్లిపోయింది.

"మెల్లగా! ఏంటమ్మా ఆ లాగుడు?" అని కసిరాను.

"ఎవర్నక్కా అంటున్నావు?"

మాట నా వెనకనుంచి వచ్చింది. కూతురు గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో వేణ్ణీళ్ళ గిన్నెతో.

తలెత్తాను. ఎదురుగా గోడ. రోజూ ముందు మంచాన్ని ఇవతలికి లాగేవాళ్ళం. ఆ సందులోనే కూతురు నిలబడేది. ఆ రోజు హడావుడిలో లాగడం మర్చిపోయాను. మంచానికీ గోడకీ మధ్య చెయ్యి కూడా పట్టదు.

"పట్టుకో! ఇటు తిప్పుదాం!"

ఇద్దరం లాగాం. చంటిపిల్లంత బరువు కూడా లేని మనిషి... కదల్లేదు. దుప్పటి అవతలి అంచు సందులోకి దిగబడి ఉంది. ఎవరో గుప్పిట్లో బిగించినట్టు కుచ్చులు పడి ఉంది.

"అమ్మా... ఇటు చూడవే... నేనే," అని కూతురు ఏడుస్తోంది.

పెద్దావిడ గోడతో గుసగుసలాడుతోంది.

"ఇస్తానండీ... ఇప్పుడే ఇస్తాను... వదలండి..."

తర్వాత ఊపిరి లేదు. దుప్పటి వదులైంది. ఇప్పుడు తేలిగ్గా ఇటు తిరిగింది పెద్దావిడ. కూతురు ఆ మొహం ఒక్కసారి చూసి, గబుక్కున చేత్తో కప్పేసింది.

"మాటిచ్చావుగా అక్కా," అంది నావైపు చూడకుండా.

ఉద్యోగం మానలేదు. కాకపోతే ఇప్పుడు మంచం ఇవతలికి లాగి, అవతలి మనిషిని కళ్ళారా చూసుకున్నాకే లెక్క మొదలుపెడతాను.

నిన్న ఓ కొత్త ఇంటికి వెళ్ళాను. ఎండ పడుతున్న గది, మధ్యలో మంచం, నిద్రపోతున్న ముసలాయన. గదిలో ఇంకెవరూ లేరు. దుప్పటి ముడతలు సర్దుదామని నావైపు అంచు పట్టుకున్నాను, అంతే. లెక్క కూడా పెట్టలేదు.

ముందు తడి సున్నం వాసన వచ్చింది.

తర్వాత... అవతలి అంచు బిగుసుకుంది.