మడతపడిన జవాబులు

వెన్నెలవాడలో దీపాలు నీలం నుంచి పసుపుకు మారితే తెల్లవారినట్లు. చంద్రుడి మీద కట్టుకున్న ఆ కాలనీలో జనం కళ్ళు నులుముకుంటూ మొదట తెరిచేది మెయిల్‌నే. పిండి కావాలన్నా, ఆక్సిజన్ సిలిండర్ కావాలన్నా, సెలవు కావాలన్నా ఉత్తరం రాయవలసిందే. ఎవరు ఎవరికి ఏ విషయమై రాశారు, అవతలివారు ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు జవాబిచ్చారు అన్నవన్నీ మెయిల్ సర్వర్ వరుసగా రాసుకునేది. ఆ రాతలకు సాంకేతిక విభాగం అధిపతి పరాంకుశం జాడపట్టీలని పేరు పెట్టాడు గానీ అందరూ లాగ్‌లనే అనేవారు. ప్రాణవాయువు పంపకం కూడా ఆ ఉత్తరాల మీదే నడిచేది గనుక ఒక్క లాగ్‌ను కూడా చెరపకూడదని కాలనీ చట్టం.

ఏళ్ళ తరబడి పేరుకున్న లాగ్‌లతో సర్వర్ డిస్కులు దాదాపు నిండిపోయాయి. భూమి నుంచి కొత్తవి వచ్చేలోగా మెయిల్ ఆగిపోయేలా ఉంది. పరాంకుశం అప్పుడే నియమసంకోచిని అనే యంత్రాన్ని తయారుచేశాడు. పాత కంప్రెషన్ పద్ధతులు పదే పదే వచ్చే మాటలను కుదించేవి. ఇది ఆ మాటల వెనక ఉన్న మనిషి అలవాటును పట్టుకునేది. వంటశాలవాళ్ళు షిఫ్టు ముగియగానే పిండి అడుగుతారనుకోండి. ఆ అలవాటును ఒక్క వాక్యంగా దాచి, అది తప్పిన రోజులను మాత్రం మినహాయింపులుగా రాసుకునేది. కావాలంటే వాటి నుంచి పాత లాగ్ అంతా అక్షరం పొల్లుపోకుండా తిరిగి వచ్చేది.

ప్రదర్శన రోజున సభాగృహం నిండింది. కాలనీ అధ్యక్షురాలు హైమవతి ముందు వరుసలో కూర్చుంది. దక్షిణధ్రువం దగ్గరి మంచుగని నుంచి ఇంజనీరు కెజియా తెర మీద కనిపిస్తోంది. గని లాగ్‌లు పంపి, యంత్రంలో తప్పులు వెదికి, పరాంకుశానికి ఎంతో సాయం చేసిన మనిషి ఆమె. ముందుగా ఎవరి లాగ్ కుదిద్దామని హైమవతి అడిగితే, తనదే కానిమ్మన్నాడు పరాంకుశం, దాపరికం లేనివాడిలా.

చిటికెలో పని అయిపోయింది. పదేళ్ళ లాగ్ గోడ మీద కొద్దిపాటి మాటలై నిలిచింది.

"పైవారి ఉత్తరం: తెరిచిన వెంటనే జవాబిస్తాడు. కిందివారి ఉత్తరం: వెంటనే తెరుస్తాడు, జవాబివ్వడు, మరొకరు ఆ విషయం అడిగితే ఆ రోజే ఇస్తాడు. మినహాయింపులు లేవు."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. కెజియా ఆ వాక్యాలను మళ్ళీ మొదటి నుంచి చదువుకుంది.

"సౌర తుఫానుల వల్ల నా ఉత్తరాలు మీదాకా రావట్లేదన్నారు కదండీ," అంది మెల్లగా. "చూసేవారా?"

అవునని గోడ మీదే రాసి ఉంది.

భూమికి తిరిగి వెళ్ళడానికి సిఫారసు చెయ్యమని ఆమె రెండేళ్ళుగా రాస్తోంది. చంద్రుడి మీద మనిషి బరువు ఆరో వంతే. ఎక్కువ కాలం ఉండిపోతే ఎముకలు గుల్లబారతాయి. కానీ ఆమె వెళ్ళిపోతే గని యంత్రాలు చూసేవాళ్ళు లేరు. ఆ మాట చెప్పి కాదనడానికి పరాంకుశానికి మొహమాటం. అందుకని ప్రతి ఉత్తరమూ చదివి మూసేశాడు. ఆమె ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు గనుక ఎవరూ అతన్ని అడగలేదు.

హైమవతి అతన్ని మందలిస్తూ ఉత్తరం పంపింది. కెజియాను ఆసుపత్రికి రప్పించింది. ఆ ఎముకలు ఇక భూమి బరువును మోయలేవని డాక్టర్లు తేల్చారు.

పరాంకుశం వెళ్ళి ఆమె మంచం పక్కన నిలబడ్డాడు. క్షమించమని అడగాలనే వచ్చాడు గానీ, ఎలా ఉందని మాత్రం అడిగాడు. ఆమే కుర్చీ చూపించింది.

"కుదరదని ఒక ముక్క రాసినా సరిపోయేదండీ. ఇంకెవర్నన్నా పట్టుకునేదాన్ని," అంది. "మీరు చూడలేదేమోననే మళ్ళీ మళ్ళీ రాశాను."

ఆ తరువాత పరాంకుశం భోజనశాలలో నలుగురి మధ్య కూర్చోలేక పళ్ళెం గదికే తెచ్చుకునేవాడు. నియమసంకోచిని వల్ల మెయిల్ ఆగకుండా నిలిచిందని భూమి నుంచి అభినందనలు వస్తే, పూర్తిగా చదవలేక మూసేసేవాడు.

అప్పటి నుంచి ప్రతి ఉత్తరానికీ జవాబిచ్చాకే కుర్చీలోంచి లేచేవాడు. తన లాగ్ నిండా మినహాయింపులు చేరి ఉబ్బిపోవడం రోజూ చూసుకునేవాడు. యంత్రానికి అంతుచిక్కని మనిషినయ్యానని అతనికి కాస్త ఊరటగా ఉండేది.

కొన్ని నెలల తరువాత ఒక ఉదయం చూస్తే లాగ్ మళ్ళీ చిన్నదైపోయింది. ఏమైందని యంత్రాన్ని అడిగాడు.

"కొత్త నియమం దొరికిందండీ," అంది యంత్రం. "మందలింపు వచ్చాక కొంతకాలం అందరికీ జవాబిస్తారు. తరువాత మామూలే. చాలామంది లాగ్‌లలో ఉన్నదే. మీకూ సరిపోయింది."

"నేను మామూలుకు ఎక్కడొచ్చాను?"

"కెజియా గారి ఉత్తరం మొన్న తెరిచారు. జవాబు వెళ్ళలేదు."

నిజమే. ఆసుపత్రి నుంచి తిరిగి గనికే వెళ్ళిన కెజియా, ఆ చీకట్లో ఉండలేకపోతున్నానని, తనను మొక్కల పెంపకశాలకు మార్చమని అడిగింది. ఆమె చోట ఎవరిని వెయ్యాలో తేలాక రాద్దామనుకుని మూసేశాడు. మూశాక మరిచిపోయాడు కూడా.

పరాంకుశం కుర్చీ లాక్కున్నాడు. అప్పటికప్పుడు కూర్చుని, బదిలీకి ఒప్పుకుంటూ జవాబు రాసి పంపాడు.

"దీన్ని మినహాయింపుగా రాసుకో," అన్నాడు.

"అక్కర్లేదండీ," అంది యంత్రం. "మరొకరు అడిగితే ఆ రోజే ఇస్తారని మీ పాత నియమంలోనే ఉంది. ఇందాక నేను అడిగాను కదా."

పరాంకుశం తెర వైపు చూశాడు. లాగ్ ఒక్క అక్షరం కూడా పెరగలేదు.