పదకొండో వరుస

నేను ఆసుపత్రిలో లిఫ్టు నడుపుతాను. పదహారేళ్ళుగా అదే ఇనుప పెట్టె, అదే స్టూలు. జాలీ తలుపు లాగడం, మీట తిప్పడం, ఎన్నో అంతస్తో గట్టిగా చెప్పడం, ఇంతే పని. మధ్యలో బోలెడంత ఖాళీ. ఆ ఖాళీలో ఊలు అల్లుతుంటాను. మీసాలున్నవాడు క్రోషా సూది పట్టుకుంటే లోకానికి నవ్వులాట. నర్సమ్మలు నాకు 'ఊలన్న' అని పేరు పెట్టారు. పెట్టనీ. నవ్విన నాపచేనే పండుతుందన్నట్టు, చలి మొదలయ్యేసరికి వాళ్ళే మెల్లగా నా స్టూలు దగ్గరికొచ్చి "మా పాపకో టోపీ..." అని నసుగుతారు.

అందరికీ ఒకటే జవాబు చెబుతాను. "మీ వంతు తర్వాత." ఎవరి తర్వాతో నేను చెప్పను, వాళ్ళూ అడగరు. కాదనడం చేతకాని నాలాంటివాడికి అదో ఉపాయం.

అల్లిక నాకు నేర్పింది మా అక్క. అమ్మ పోయేనాటికి నాకు ఐదేళ్ళు, అక్కకి పదహారు. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నా వేళ్ళ మీద తన వేళ్ళు వేసి గొలుసు కుట్టు వేయించేది. సంబంధాలు వస్తే "వీణ్ణెవరు చూస్తారు?" అని తిప్పి పంపేసేది. ఇప్పటికీ ఇంట్లో మేమిద్దరమే. అలాంటి అక్క ఈ చలికాలం ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, మా ఆసుపత్రిలోనే నాలుగో అంతస్తులో ఏడో నంబరు మంచం ఎక్కింది.

"చేతులు కొంకర్లు పోతున్నాయిరా. దుప్పట్లో పెడితే దుప్పటే చల్లబడిపోతోంది. జేబులున్న శాలువా ఒకటి అల్లిపెట్టవూ?" అంది.

అక్క నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఆ రోజే మబ్బురంగు ఊలు కొనుక్కొచ్చాను. పొడుగాటి శాలువా, రెండు కొసల్లోనూ జానెడు లోతు జేబులు. వరుసకి ముప్పై కుట్లు, జేబుకి పద్దెనిమిది వరుసలు. జేబు విడిగా అల్లి అతికించడం నాకు నచ్చదు. ప్రతి వరుస చివరా శాలువాకే తగిలించుకుంటూ పైకి వస్తాను, అతుకు కనబడదు. ఇక చివరి పోగు దాచడంలో నన్ను మించినవాడు లేడని నా గర్వం. నేను దాచిన కొస వెతకాలంటే భూతద్దం కావాలి.

ఎనిమిదో మంచం మీద ఒక ముసలావిడ ఉండేది. ఆవిణ్ణి చూడటానికి ఎవరూ వచ్చేవారు కాదు. నేను అక్క పక్కన కూర్చుని అల్లుతుంటే, ఇటు ఒత్తిగిలి నా చేతులకేసే చూస్తుండేది.

"నాకూ చలేస్తోంది నాయనా. నాకూ ఒకటి అల్లవూ?"

"దానికేం పెద్దమ్మా! మీ వంతు తర్వాత."

"మాటేనా?"

"మాటే."

ఆవిడ ముఖం విప్పారింది. అక్క మాత్రం నాకేసి గుర్రుగా చూసి, ఆవిడకి వినబడకుండా అంది. "చెయ్యలేని దానికి మాటివ్వకురా. పాపం, నిజమనుకుంటుంది."

లిఫ్టులో నాకో నియమం ఉంది. నాకన్నా ముందు ఆ స్టూలు మీద కూర్చున్న ముసలాయన చెప్పిపోయాడు. తెల్లదుప్పటి కప్పిన స్ట్రెచర్ కిందికి, మార్చురీకి దిగేటప్పుడు చేతుల్లో ఏ పనీ ఉండకూడదు. ఎందుకని అడిగితే, "నాలుగు అంతస్తులు చేతులు ఊరికే ఉంచుకోలేవా?" అని కసిరాడు. పదహారేళ్ళు ఉంచుకున్నాను.

ఆ రోజు పొద్దుట్నుంచీ ముసురు. మధ్యాహ్నం మూడింటికే సాయంత్రంలా ఉంది. అక్కకి జ్వరం పెరిగిందని నర్సమ్మ చెప్పిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. ఎడమ జేబు అయిపోయింది, కుడి జేబు పది వరుసలు అయ్యాయి. సాయంత్రానికల్లా ఇచ్చెయ్యాలి. నాలుగో అంతస్తు గంట మోగింది. తలుపు లాగాను. స్ట్రెచర్ తోసే మామ లోపలికొచ్చాడు. కిందికి, అన్నాడు. మీట తిప్పాను.

లిఫ్టు గురగురలాడుతూ దిగుతోంది. ఫినాయిలు వాసన, తడి బట్టల వాసన. రెండో అంతస్తు దాటుతుండగా మామ గొంతు తగ్గించి అన్నాడు.

"ఊలన్నా... చేతులు."

చూసుకున్నాను. సూది ఆడుతూనే ఉంది. నాకు తెలియకుండానే పదకొండో వరుస మొత్తం అల్లేశాను. ఎదురుగా తెల్లదుప్పటి. దాని కింద నుంచి ఒక చెయ్యి జారి వేలాడుతోంది. ముడతలు పడ్డ వేళ్ళు నా కాళ్ళ దగ్గరున్న ఊలు ఉండని తాకుతున్నాయి.

"ఎవరు మామా?"

"నాలుగో అంతస్తు, ఎనిమిది."

మామ ఆ చెయ్యి ఎత్తి లోపల పెట్టాడు. ఊలు ఉండ కూడా దాంతో పాటు కాస్త లేచి, మళ్ళీ కింద పడింది.

ఆ వరుస విప్పెయ్యడం ఎంతసేపు? సూది తీసి పోగు లాగితే ముప్పై కుట్లూ క్షణంలో ఊడొస్తాయి. విప్పుదామనే అనుకున్నాను. ఇంతలో నర్సమ్మ పరుగున వచ్చింది. "మీ అక్క చలికి వణికిపోతోంది, శాలువా ఏదని అడుగుతోంది." ఒక్క వరుసేగా అనుకున్నాను. దాని మీద ఇంకో ఏడు వరుసలు అల్లేశాను.

ఆరు గంటలకి శాలువా తీసుకుని వెళ్ళాను. వార్డులో ఆ చివరి దీపం ఒక్కటే వెలుగుతోంది. ఎనిమిదో మంచం మీద పరుపు చుట్టి పెట్టారు. అక్కకి శాలువా కప్పి, చేతులు రెండూ జేబుల్లో పెట్టాను. నవ్వింది.

"బాగుందిరా." లోపల వేళ్ళు కదిలించి, "ఈ కుడి జేబు ఏంట్రా, లోపల చల్లగా ఉంది?" అంది.

"వానకి ఊలు చెమ్మగిల్లినట్టుందిలే, అదే ఆరిపోతుంది" అన్నాను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

అక్క కళ్ళు మూసుకుంది. బయట వాన హోరు. ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు... నుదురు తాకి చూశాను. జ్వరం లేదు. అమ్మయ్య అనుకున్నాను. మళ్ళీ తాకాను. జ్వరం దిగడం కాదది. నుదురు రాయిలా చల్లగా ఉంది. పెదవులు నల్లబడుతున్నాయి.

"అక్కా! అక్కా, చెయ్యి తియ్యి."

"తియ్యనివ్వదురా" అంది కళ్ళు తెరవకుండా, గుసగుసగా.

"ఎవరు?"

"పక్క మంచం ఆవిడ. గట్టిగా పట్టుకుంది... చలట, పాపం."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నర్సమ్మ కోసం చూశాను, వార్డులో లేదు. అక్క మోచెయ్యి పట్టుకుని లాగాను. రాలేదు. జేబు పైనుంచి తడిమాను. అక్క వేళ్ళు తగిలాయి. లెక్కపెట్టాను. ఐదు... ఆరు... ఏడు...

అడుసు తొక్కనేల, కాలు కడగనేల! అప్పుడే విప్పి ఉంటే పోయేది. ఇప్పుడు పదకొండో వరుస విప్పాలంటే పైనున్న ఏడూ విప్పాలి. విప్పాలంటే కొస దొరకాలి. ఎక్కడ దాచానో నాకే కనబడదు. గోళ్ళతో గీకాను. దొరకలేదు. చివరికి వంగి పళ్ళతో పట్టి లాగాను. వచ్చింది.

లాగాను. పద్దెనిమిది... పదిహేడు... పదహారు... ఊలు చరచరా ఊడొస్తోంది. జేబు కిందికి దిగుతోంది. అక్క మణికట్టు బయటపడింది. తెల్లగా పాలిపోయి ఉంది. దాని చుట్టూ వేళ్ళ అచ్చులు. పదమూడు. పన్నెండు.

ఆగిపోయింది.

ఇంకొంచెం గట్టిగా లాగాను. అవతలి నుంచి కూడా లాగారు. మెల్లగా. నా వేళ్ళ మధ్య నుంచి ఊలు వెనక్కి, జేబులోకి పోతోంది...

అక్క ఊపిరి వినబడటం లేదు. నాకు ఏడుపొచ్చేసింది. జేబు దగ్గర నోరు పెట్టి బతిమాలాను.

"పెద్దమ్మా, తప్పయిపోయింది. మీ శాలువా అల్లుతాను. ఈసారి ఉత్తమాట కాదు. మా అక్కని వదిలెయ్యండి. నాకింకెవరూ లేరు."

కుళాయి చప్పుడు ఆగింది. పట్టు సడలింది. మిగిలిన పదకొండు వరుసలూ ఒక్క ఊపున ఊడొచ్చి నా ఒళ్ళో పడ్డాయి. ఊలంతా తడి. అక్క పెద్దగా ఊపిరి పీల్చి, దగ్గింది. ఆ దగ్గు విని నేనెంత సంతోషించానో చెప్పలేను.

తెల్లారేసరికి అక్క కోలుకుంది. రాత్రి సంగతేదీ గుర్తులేదంది. ఎందుకైనా మంచిదని నేనూ గుర్తు చెయ్యలేదు. కుడి జేబేదిరా అంటే, ఊలు చాల్లేదన్నాను. మూడో రోజు ఇంటికి పంపించేశారు.

ఆ విప్పిన ఊలుతోనే పెద్దమ్మ శాలువా మొదలుపెట్టాను. ఆవిడ కోసం ఇంకా ఎవరూ రాలేదు, కిందే ఉంది. ఎవరూ లేనప్పుడు లిఫ్టులో గబగబా అల్లేవాణ్ణి. నాలుగో రోజు పొద్దున మామ వచ్చి, "ఎనిమిదో నంబరావిణ్ణి ఎవరో దూరపు బంధువులు తీసుకెళ్ళిపోయారు" అన్నాడు. సూది ఆపాను. లెక్కపెట్టుకుంటే అప్పటికి ఇరవై వరుసలయ్యాయి. నిజం చెప్పాలంటే, గుండెల మీంచి బరువు దిగినట్టయింది. తీసుకోవలసిన మనిషే వెళ్ళిపోతే నేనేం చేసేది? సగం అల్లిక చుట్టచుట్టి, సంచీ అడుగున పెట్టేశాను. ఎవరికీ చూపించలేదు, ఎవరితోనూ అనలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అక్క శాలువా కప్పుకుని, కిటికీ పక్కన కూర్చుని వీధి చూస్తోంది. బుగ్గలకి కాస్త రంగొచ్చింది. ప్రాణం హాయిగా ఉంది. పాలు వేడిచేసి గ్లాసు అందించాను. ఎడమ చెయ్యి చాపింది.

"కుడిచేత్తో పట్టుకో అక్కా, ఒలికిపోతాయి."

"కుడిచెయ్యి ఖాళీ లేదురా."

చూశాను. అక్క కుడిచెయ్యి మణికట్టు దాకానే కనబడుతోంది. మిగతాది శాలువా లోపలికి పోయింది. అక్కడ జేబు లేదు. నా చేతుల్తో నేనే విప్పాను. ఆ ఊలు నా భుజాన సంచీలోనే ఉంది. శాలువా అంచు ఎత్తి వెనక వైపు చూశాను. అటు ఉత్త అల్లిక. చెయ్యి లేదు.

"అక్కా... చెయ్యి ఎక్కడ పెట్టావు?"

"జేబులోరా."

అక్క వీధికేసే చూస్తోంది. ఇప్పుడే పొయ్యి మీంచి దించిన పాలు, అక్క ఎడమ చేతిలో పొగ ఆగిపోయి, మీగడ కట్టేశాయి. అక్క నాకేసి తిరగకుండానే, ఎవరో నిద్రలేస్తారేమో అన్నంత మెల్లగా అంది.

"ఇంకా చలేస్తోందటరా పాపం. ఇరవయ్యో వరుస దగ్గర ఆపేశావట కదా?"